ఖరీదైన గదిలో తడి వాసన: విజయనగరంలో ఒక పాత మేడ హోటల్ కేసు

పాత ఇళ్ళకి మరమ్మతులు చేయడం నా పని. సివిల్ ఇంజనీరుని, ఎక్కువగా సున్నం గోడల ఇళ్ళే చూస్తుంటాను. ఈ కేసు రాయాలని ఎందుకు అనిపించిందంటే, పాత ఇంటిని మంచి హోటల్‌గా మార్చేటప్పుడు అతిథి సుఖం కోసమని చేసిన పనులే ఆ గదిని ఎలా పాడుచేస్తాయో ఇందులో ఒక్కొక్కటిగా విప్పి చూసే అవకాశం దొరికింది. మన జిల్లాల్లో ఇప్పుడు ఇలాంటి ప్రయత్నాలు చేద్దామనుకుంటున్న కుటుంబాలు నాకు తెలుసు, వాళ్ళకి పనికొస్తుంది. యజమాని ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వీధి, కుటుంబం, గది పేర్లు వదిలేశాను, ఆనవాలు పట్టేలా ఉన్న ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా.

ఇల్లు, దాని వెనక కథ

1713లో కోట కట్టిన తర్వాత దాని చుట్టూ పెరిగిన ఊరు విజయనగరం. కోట నుంచి గంటస్తంభం వైపు, మూడు లాంతర్ల వైపు నడిస్తే కొత్త షాపుల బోర్డుల వెనక ఇప్పటికీ పాత మేడలు కనిపిస్తాయి. మన ఇల్లు అలాంటిదే, వందేళ్ళు దాటినది. వీధివైపు అరుగు, దాటితే సావిడి, మధ్యలో మండువా, చుట్టూ గదులు, వెనక పెరడు. ముందు భాగం మీద ఒక అంతస్తు, టేకు దూలాల మీద మద్రాసు టెర్రస్, అంటే దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో కట్టే పాతకాలపు కప్పు. పునాది కొండరాయి, గోడలు ఇటుకతో డంగు సున్నంలో కట్టినవి, సుమారు రెండడుగుల మందం.

యజమాని మూడో తరం మనిషి. హైదరాబాదులో ఉద్యోగం చేసి, ఇల్లు అమ్మడానికి మనసు రాక, దాన్ని అరడజను గదుల హోటల్‌గా మార్చాడు. పందిరి మంచాలు బాగుచేయించాడు, కిటికీలకి పొందూరు ఖద్దరు తెరలు కట్టించాడు, సావిడిలో బొబ్బిలి వీణ ఒకటి పెట్టాడు, పొద్దున్నే అరటాకులో వేడి దిబ్బరొట్టె. పెళ్ళిళ్ళకి సొంతూరు వచ్చేవాళ్ళు, అమెరికా నుంచి అమ్మానాన్నల్ని చూడ్డానికి వచ్చి పాత ఇంటి అనుభవం పిల్లలకి చూపిద్దామనుకునేవాళ్ళు, పైడితల్లమ్మ పండక్కి వచ్చేవాళ్ళు, ఇలా అతిథులకి లోటు లేదు. డబ్బు పెట్టడంలో ఎక్కడా వెనకాడలేదు. ఈ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఇక్కడ కక్కుర్తి వల్ల పాడైంది ఏదీ లేదు.

వెనక భాగం కథ వేరు. అక్కడ ఒకప్పుడు పెంకుల కప్పు ఉండేది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానుకి ఆ పెంకులు లేచిపోయాయి. తర్వాత అక్కడ కాంక్రీటు స్లాబు వేశారు. స్లాబు కింద ఉన్న పెద్ద గదినే హోటల్ పెట్టినప్పుడు అన్నిటికన్నా ఖరీదైన గదిగా తయారుచేశారు. మండువాలోకి తలుపు, పెరట్లోకి కిటికీలు, గదిలోనే బాత్‌రూమ్, గోడలో పాత టేకు అలమార.

సమస్య ఎలా బయటపడింది

రాసిన ఫిర్యాదులు పెద్దగా లేవు. "రూమ్ చాలా బాగుందండి, కొంచెం వాసనగా ఉంది అంతే" అని మొహమాటంగా చెప్పి వెళ్ళిపోయేవారు. రెండు రాత్రులకి బుక్ చేసుకుని ఒక రాత్రికే వేరే గదికి మారిపోయేవారు. చివరికి పెళ్ళికి వచ్చిన ఒకావిడ పట్టుచీర గోడ అలమారలో పెట్టి, మూడోనాడు తీస్తే మడత మీద తెల్లగా బూజు. చీర ఖరీదు యజమాని ఇచ్చుకున్నాడు, కానీ ఆవిడకి అది అమ్మ చీర. ఆ తర్వాతే నాకు ఫోన్ వచ్చింది.

నేను వెళ్ళేసరికి గోడ మీద కొత్త రంగు. చూడ్డానికి ఏ లోపమూ లేదు. మంచం తలవైపు గోడకి నిలువెత్తు చెక్క పలకలు, కింద మెరిసే టైల్స్, పైన ఫాల్స్ సీలింగ్, దాంట్లో దాచిన లైట్లు. పగలు తిరిగి చూస్తే ఏమీ తెలియదని అర్థమై, అతిథిలాగే రాత్రి ఆ గదిలో పడుకుంటానని చెప్పాను. పాత ఇంటి హోటళ్ళలో తడి సమస్య వస్తే ఇంజనీరు పగటిపూట వెళ్ళి గోడ మీద చెయ్యేసి చూసి రావడం చాలదు. సమస్య రాత్రి పుడుతుంది, అతిథి ఉన్నప్పుడు పుడుతుంది.

అది వానాకాలం. ఏసీ 18లో పెట్టాను, చాలామంది అతిథులు అలాగే పెడతారని మేనేజర్ కుర్రాడు చెప్పాడు. పడుకునే ముందు గోడ మీద నాలుగు చోట్ల జానెడు పాలిథీన్ ముక్కలు నాలుగు వైపులా టేపుతో అంటించాను. ఇది చాలా పాత పరీక్ష, ఖర్చు లేదు. పొద్దున్న ముక్క పైవైపు, అంటే గదివైపు, నీటి బిందువులుంటే గదిలోని గాలి నుంచి వచ్చిన తడి. ముక్క వెనక, గోడవైపు ఉంటే గోడలోంచి వచ్చిన తడి. అర్ధరాత్రి దాటాక వాసన మొదలైంది, మూసి ఉంచిన పాత ట్రంకుపెట్టె తెరిచినట్టు. దిండు చల్లగా, కొంచెం బరువుగా తగిలింది. తెల్లవారుజామున లేచి టార్చి వేసి చూస్తే కింది ముక్కల వెనక నీరు, ఏసీ గాలి నేరుగా తగిలేచోట ఉన్న ముక్క ముందువైపు నీరు. చెక్క పలకల సందులో వేలు పెడితే బంకగా తడి.

అంటే ఒక తడి కాదు. ఇక్కడి నుంచి కేసు మొత్తం ఆ ఒక్క విషయం మీదే నడిచింది.

నాకంటే ముందు చేసినవి, అవి ఎందుకు నిలవలేదు

యజమాని బిల్లులన్నీ దాచాడు, అందుకు ఆయనకి దండం పెట్టాలి. అవి ముందేసుకుని కూర్చుంటే గోడ చరిత్ర వరసగా కనిపించింది.

మొదట వాటర్‌ప్రూఫ్ పుట్టీ, దాని మీద ఖరీదైన రంగు. ఒక వానాకాలం ఆగింది, తర్వాత బుడగలొచ్చి ఊడింది. ఆ తర్వాత అయిదడుగుల ఎత్తు వరకు పాత సున్నం పూత చెక్కేసి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటు పూత వేశారు. ఏడాది తిరిగేసరికి తడి అయిదడుగుల గీత పైన తేలింది. నేల నుంచి గోడలోకి ఎక్కే నీరు దారిలో గోడ ముఖం నుంచి ఆరిపోతూ ఉంటుంది, అందుకే ఒక ఎత్తు దాటి పైకి పోలేదు. ముఖం మూసేస్తే ఆరడానికి దారి లేక ఇంకా పైకి ఎక్కుతుంది. సిమెంటు పూత నీటిని ఆపలేదు, ఎత్తు పెంచింది.

తర్వాత గోడ అడుగున వరసగా రంధ్రాలు చేసి రసాయనం ఎక్కించారు. వరసగా, సందులు లేకుండా కట్టిన గోడలో అది కొంత పనిచేయొచ్చు. ఇలాంటి రెండడుగుల పాత గోడలో లోపలి పొర ముక్క ఇటుకలు, సున్నం, ఖాళీలు. రసాయనం ఖాళీల్లోకి పోతుంది తప్ప అడ్డంగా ఒక పొరలా నిలవదు. ఆఖరికి ఎవరో సలహా ఇస్తే చెక్క పలకలు కొట్టి మరక కప్పేశారు, గదిలో సువాసన యంత్రం పెట్టారు. పలకల వెనక గాలి ఆడక బూజుకి మంచి ఇల్లు దొరికింది.

ఈ నాలుగు పనుల్లోనూ మనుషులు నిజాయితీగానే పనిచేశారు. అందరూ గోడని చూశారు. నీరు ఎక్కడి నుంచి వస్తోంది, ఇదివరకు ఎటు పోయేది అని ఎవరూ అడగలేదు.

కారణాలు వెతకడం

ఊళ్ళో సున్నం పని తెలిసిన ముసలి తాపీమేస్త్రి ఒకాయన ఉన్నాడు, కళ్ళు సరిగా కనపడవు గానీ పూత మీద వేలితో కొట్టి లోపల గుల్లగా ఉందో లేదో చెప్తాడు. ఆయన్ని తీసుకొచ్చాం. గదిలోకి రాగానే గోడని కాదు, నేల చూశాడు. "ఈ గదిలో ఎవులూ పడుకునీవోరు కాదు బాబూ. గాదెలుండేవి. అవీ నేల మీద కాదు, రాళ్ళ మీద ఎత్తుగా ఉండేవి" అన్నాడు. యజమానికి చిన్నప్పటి నుంచీ ఆ సంగతి తెలుసు, కానీ దాన్ని సాక్ష్యంగా ఎప్పుడూ ఆలోచించలేదు. గాదెని రాళ్ళ మీద ఎత్తి పెట్టారంటే ఆ నేల చెమ్మదని కట్టినవాళ్ళకి తెలుసు. గది పక్కనే, ఇప్పుడు బాత్‌రూమ్ ఉన్న చోట, పశువులశాల ఉండేదట.

పశువులశాల మాట వినగానే నా ఆలోచన మారింది. పేడ, పంచితం ఏళ్ళ తరబడి నేలలోకి ఇంకితే అక్కడ నైట్రేట్ లవణాలు పేరుకుంటాయి. అవి నీటితో గోడలోకి ఎక్కి, ముఖం దగ్గర ఆరినప్పుడు స్ఫటికాలుగా మారి పూతని లోపలి నుంచి పగలగొడతాయి. అంతకన్నా ముఖ్యం, వాటిలో కొన్ని గాలిలోని తేమని పీల్చుకుంటాయి. వాన లేకపోయినా, నేలలో నీరు లేకపోయినా, గాలి చెమ్మగా ఉంటే చాలు గోడ తడిసినట్టు కనిపిస్తుంది. గోడకి ఆనిస్తే కరెంటు ఎంత పారుతోందో బట్టి తడి చూపించే మామూలు మీటరు కూడా ఇలాంటి చోట మోసం చేస్తుంది, లవణం ఎక్కువుంటే నీరు ఎక్కువుందని చూపిస్తుంది. అందుకని మీటరు పక్కన పెట్టి, రకరకాల ఎత్తుల్లో, ప్రతి ఎత్తులోనూ పైపొర నుంచి ఒకటి, లోతు నుంచి ఒకటి, నెమ్మదిగా డ్రిల్ చేసి పొడి తీశాం. తూచి, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, మళ్ళీ తూచడం. లవణాలకి స్ట్రిప్ పరీక్ష, అంటే లవణం ఉంటే రంగు మారే పట్టీలతో.

లోతు పొడిలో తడి అడుగున ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. అంటే నేల నీరు ఎక్కుతోంది. పశువులశాల వైపు గోడలో మాత్రం పైపొర లోతుకంటే తడిగా ఉంది, నైట్రేట్ స్ట్రిప్ వెంటనే రంగు మారింది. అది లవణం పని.

ఇక నేల నీరు ఇంతగా ఎందుకు పెరిగింది? మండువాలో ఇదివరకు మట్టి, మధ్యలో నాపరాళ్ళు ఉండేవి. హోటల్ కోసం అంతా గ్రానైట్ పరిచి సందులు సిమెంటుతో నింపారు. గదిలో పాత సున్నపు గచ్చు తీసి, ప్లాస్టిక్ షీటు పరిచి టైల్స్ వేశారు. నేలలోని చెమ్మ ఆవిరైపోయే జాగా మొత్తం మూసుకుపోయి, మిగిలిన ఒకే దారి గోడ. దీనికి తోడు కొత్త స్లాబు మీది వాన నీళ్ళ పైపు సరిగ్గా ఆ మూలలో, గోడ మొదట్లో వదులుతోంది. వాన పడేటప్పుడు గొడుగేసుకుని పెరట్లో నిలబడితే రెండు నిమిషాల్లో తెలిసిపోయే విషయం ఇది. మడమంత లోతు నీరు పునాది రాళ్ళ పక్కన సుడి తిరుగుతోంది.

ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి తీసి తల పైకి పెట్టి చూశాను. పాత గోడల్లో కప్పు దగ్గరుండే వెంటిలేటర్లు రెండూ దాని వెనక ఉండిపోయాయి, ఒకదాంట్లో థర్మోకోల్ కుక్కి ఉంది, ఏసీ చలి పోకుండా. బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాను గొట్టం బయటికి పోకుండా ఆ సీలింగ్ పైన ఖాళీలోకే తెరుచుకుంది. అతిథి వేడినీళ్ళ స్నానం చేసిన ప్రతిసారీ ఆ ఆవిరంతా మంచం మీదికి వచ్చి కూర్చుంటోంది.

నాకు నిజంగా టెన్షన్ పట్టుకున్నది అక్కడ. ముందు భాగాన్నీ ఈ గదినీ కలిపే గోడలో పాత టేకు దూలాల చివరలు దిగి ఉన్నాయి. కర్రలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిచిపోతే పుచ్చడానికి అవకాశం మొదలవుతుంది. ఒక దూలం చివర స్క్రూడ్రైవర్ పెడితే పావంగుళం మెత్తగా దిగింది. లోపల గట్టిగానే ఉంది, టేకు కాబట్టి. కానీ అప్పటిదాకా వాసన సమస్యగా ఉన్నది ఒక్కసారిగా భద్రత సమస్య అయింది. ఆ సాయంత్రమే పై గది ఖాళీ చేయించి, దూలాల కింద ఇనుప జాకీలు పెట్టించాం. మిగతా నిర్ణయాలన్నీ దాని తర్వాతే.

దసరా ముందు వాదన

యజమాని బాధ నాకు అర్థమయ్యేది. పైడితల్లమ్మ సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. పూజారి సిరిమాను చివర కూర్చుని గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగే ఆ రోజున ఊళ్ళో ఒక్క గది ఖాళీ ఉండదు. "పండక్కి ఈ గది కావాలండి, ఏదో ఒకటి చేసి ఇప్పించండి, తర్వాత మీ ఇష్టం" అన్నాడు. పైపైన సున్నం కొట్టి ఇవ్వడం రెండు రోజుల పని. ఇవ్వనన్నాను. తడి గోడ మీద ఏ పూత వేసినా అది మళ్ళీ ఊడుతుంది, పైగా సరిగ్గా తుపాన్ల నెల అది.

రెండడుగుల గోడ ఆరడానికి ఎంత పడుతుందో మా పనిలో ఒక మోటు లెక్క ఉంది: అంగుళానికి నెల. రెండువైపులా తెరిచి ఉంచితే పన్నెండు అంగుళాలు, అంటే ఏడాది. యజమాని ముఖం చూడలేకపోయాను. చివరికి ఒప్పుకున్నది ఇలా: గది పడకగదిగా మూసేస్తాం, పండగ రోజుల్లో అతిథులు పగలు కూర్చోడానికి, కాఫీ తాగడానికి తెరుస్తాం. పూత తీసేసిన ఇటుక గోడ కనపడితే పరువు పోతుందని ఆయన భయపడ్డాడు గానీ, వచ్చినవాళ్ళు ఆ ఇటుకల్నీ సున్నాన్నీ ముట్టుకుని చూసి ప్రశ్నలడిగారు. మేనేజర్ కుర్రాడు సంతోషంగా ఇంటి కథ చెప్పేవాడు.

ఏం చేశాం, ఏ వరసలో

వరసే ఇక్కడ ముఖ్యం. ముందు నీరు రావడం ఆపాలి, తర్వాత ఉన్న నీరు పోయే దారి తెరవాలి, ఆఖరున పూత.

వాన నీళ్ళ పైపుని మూల నుంచి తప్పించి, పెరట్లో దూరంగా ఉన్న ఇంకుడు గుంతకి కలిపాం. మండువాలో గోడ వెంబడి గ్రానైట్ ఒక వరస తీసేసి, అక్కడ గులకరాళ్ళు నింపిన కాలవ పెట్టాం, వాలు గోడకి దూరంగా. పునాది కన్నా లోతుకి తవ్వకూడదని మనుషుల్ని కాపలా పెట్టి మరీ చూసుకున్నాం, పాత పునాది పక్కన లోతుగా తవ్వితే ఇల్లే కదులుతుంది. మిగతా గ్రానైట్ అలాగే ఉంచాం, అంతా తీయాల్సిన అవసరం కనిపించలేదు, ఖర్చూ ఎక్కువ.

సిమెంటు పూత చేత్తో, ఉలితో తీశారు. మిషను పెడితే ఒక్కరోజులో అయిపోతుంది కానీ ఆ అదురుకి సున్నం గోడలో లోపలి పొర విడిపోతుంది. సిమెంటు పెచ్చు ఊడినప్పుడు వెనక ఇటుక ముఖం ముదురు రంగులో తడిగా మెరిసేది, గంటసేపు గాలి తగిలితే లేతబడేది. "ఊపిరాడకుండా సేసీసినారు బాబూ, ఇప్పుడు సూడండి" అని ముసలి మేస్త్రి ఇటుక మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు.

టైల్స్ గోడ పక్కన ఒక అడుగు మేర తీసి, అక్కడ సున్నపు గచ్చు వేశాం. ఫాల్స్ సీలింగ్ మొత్తం తీయించాను. యజమానికి ఆ లైట్లంటే ఇష్టం, కానీ పైన గోడలో దిగిన దూలాల చివరలు కనపడాలి, ఏటా ఎవరో ఒకరు తల పైకెత్తి చూడగలగాలి. వెంటిలేటర్లకి లోపల మూతలు పెట్టాం, ఏసీ వేసినప్పుడు మూసి, లేనప్పుడు తెరవడానికి. ఎగ్జాస్ట్ గొట్టం గోడ దాటించి బయటికి తెచ్చాం. మెత్తబడిన దూలం చివర కోసి కొత్త టేకు ముక్క జోడించాం, గోడలో దాని చుట్టూ గాలి ఆడే సందు వదిలి.

లవణాల వైపు గోడకి బంకమట్టి, కాగితం గుజ్జు నీళ్ళతో కలిపి మందంగా మెత్తి, ఆరాక తీసేయడం, మళ్ళీ మెత్తడం. ఆరేటప్పుడు లవణం ఆ ముద్దలోకి వచ్చేస్తుంది. లవణం తగ్గింది, పోలేదు. నేలలో అంత ఉన్నప్పుడు పూర్తిగా పోతుందని ఎవరికీ మాట ఇవ్వకూడదు.

పూత వేసే ముందు గోడ మీద చిన్న చిన్న నమూనాలు వేసి చూశాం. సంచిలో దొరికే సున్నంతో ఒకటి, దానిలో చిటికెడు సిమెంటు కలిపి ఒకటి (కుర్ర మేస్త్రులకి అది లేనిదే చెయ్యి ఆడదు), గుంతలో నానబెట్టిన సున్నంతో ఒకటి. మొదటిది వేలితో గీస్తే పొడి రాలింది. సంచి సున్నం ఎక్కువకాలం దుకాణంలో ఉంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని అక్కడే పీల్చుకుని చచ్చిపోతుంది, గోడ మీద గట్టిపడడానికి ఇంక ఏమీ మిగలదు. సిమెంటు కలిపినది గట్టిగానే ఉంది, కానీ నెలలు గడిచేసరికి దాని అంచుల చుట్టూ తడి గీత. మూడోది నిలిచింది. దాన్నే ఎంచుకున్నాం: నానిన సున్నం, కడిగిన ఏటి ఇసుక, నీటికి బదులు కరక్కాయా బెల్లమూ వేసి పులియబెట్టిన నీళ్ళు. బెల్లం పని సున్నాన్ని మెత్తగా, ఎక్కువసేపు పని చేయడానికి వీలుగా ఉంచడం. ఎక్కువైతే చీమలు పడతాయి, పూత ఆరడం ఆలస్యమవుతుంది. పలుచటి పూతలు, ఒకటి ఆరాకే ఇంకొకటి, మధ్యలో గోనెపట్టాలు తడిపి కప్పి ఉంచడం. ముగిసాక ప్లాస్టిక్ రంగు లేదు, వెల్ల మాత్రమే.

అతిథి వైపు పని

గోడ బాగుపడినా పాలిథీన్ ముక్క ముందువైపు నీరు ఇంకా లెక్కలోనే ఉంది. బయట 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం ఉంటే 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న దేని మీదైనా నీరు పడుతుంది. మన వానాకాలంలో అలాంటి రోజులు బోలెడు. రాత్రంతా 18లో ఏసీ వేస్తే రెండడుగుల గోడ చల్లబడి, పొద్దున కూడా చల్లగానే ఉంటుంది. అతిథి టిఫినుకి వెళ్ళగానే కార్డు తీస్తే ఏసీ ఆగిపోయేది. శుభ్రం చేసే అక్క వచ్చి, మంచి ఉద్దేశంతోనే, తలుపులు కిటికీలు బార్లా తెరిచేది. బయటి తడి గాలి చల్లటి గోడని తాకి నీరయ్యేది. ఆ పైన బకెట్లతో నేల కడిగేది. రోజూ, ఏడాది పొడుగునా.

ఇది చెప్పడానికి ఆమెతో పాటు ఒక పూట గదిలో ఉన్నాను. అద్దం మీద ఊది ఆవిరి చూపించి, కిటికీ తెరిచాక అదే అద్దం తనంతట తనే మసకబారడం చూపిస్తే వెంటనే పట్టేసింది. "అయితే పొద్దున్న ముయ్యాల, మజ్జానం తియ్యాల" అని తనే నియమం చెప్పింది. అలాగే పెట్టుకున్నాం: వాన రోజుల్లో గది కాస్త వెచ్చబడ్డాకే కిటికీలు, పిండిన గుడ్డతోనే నేల. ఏసీ 24 కన్నా కిందికి దిగకుండా కట్టాం, అతిథి చల్లదనం కోరితే పైన ఫ్యాను ఉంది, అతిథి బయటికెళ్ళినా ఏసీ పూర్తిగా ఆగకుండా 27 దగ్గర నడుస్తుంది. కరెంటు ఖర్చు కొంత పెరిగిందని యజమాని అన్నాడు. నిజమే. చెక్క పలకలు మళ్ళీ పెట్టలేదు. మంచం, బీరువా గోడకి నాలుగు వేళ్ళ ఎడంగా జరిపాం. గోడ అలమారకి వెనక సందు, తలుపులకి జాలీ. చీరలు అందులో పెట్టొద్దని అతిథికి చెప్పాల్సిన అవసరం ఇప్పుడు రావడం లేదు.

24 గురించి మేనేజర్‌కి భయం ఉండేది, ఇంత డబ్బిచ్చి గది తీసుకున్నవాళ్ళు ఊరుకోరని. ఒకరిద్దరు అడిగారు. కారణం చెప్తే చాలామంది ఒప్పుకున్నారు. ఆ ఇంట్లో ఉండడానికే వాళ్ళు వచ్చారు, ఆ ఇల్లు ఎలా ఉంటే బాగుంటుందో చెప్తే వినడానికి సిద్ధంగా ఉంటారని నాకు ఈ కేసులో నమ్మకం కుదిరింది. నిజమైన సౌకర్యం అంటే రాత్రి దిండు పొడిగా ఉండడం. దాని కోసం చలి కొంచెం తగ్గించమని అడగడంలో తప్పేమీ లేదు.

ఇప్పుడు ఎలా ఉంది

తర్వాతి వానాకాలం చివర మళ్ళీ డ్రిల్ చేసి చూశాం. లోతు తడి బాగా తగ్గింది, నాలుగడుగుల పైన గోడ పొడి. గది తిరిగి పడకగది అయింది, వాసన మాట ఎవరూ ఎత్తలేదు. పై గది జాకీలు తీసేశాం.

పశువులశాల వైపు అడుగు ఎత్తు మాత్రం వానల్లో ఇంకా తెల్లగా పొడి రాలుస్తుంది. అక్కడ పూత కావాలనే మెత్తగా, ఇసుక ఎక్కువ వేసి కొట్టాం, లవణం ఇటుకని వదిలి ఆ పూతని తినేలా. ఏటా వేసవిలో ఆ మేర పూత తీసి కొత్తది వేయడం, వెల్ల వేయడం, దూలాల చివరలు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడడం, వాన నీళ్ళ పైపులో ఆకులు తీయడం, ఈ నాలుగూ హోటల్ ఖర్చుల పుస్తకంలో ఏటేటా వచ్చే ఖర్చుగా ఎక్కించాం. ఇలాంటి పని ఒప్పుకునే ముందు ఈ పేజీ యజమానికి చూపించి, సరేనంటేనే మొదలుపెడుతున్నాను. ముసలి మేస్త్రి మనవడు కిందటి వేసవిలో ఆ అడుగు మేర పూత తనే వేశాడు. సున్నం నానబెట్టే గుంత పెరట్లో అలాగే ఉంచమని యజమాని చెప్పాడు, ముందు భాగం గోడల్లో కూడా అక్కడక్కడ సిమెంటు ఉందట, వచ్చే మాఘమాసం పెళ్ళిళ్ళు అయ్యాక అవి చూడాలి.